పాత కిడ్నీలు ఎక్కడికీ పోలేదు

(కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, వారి కుటుంబాలవారు తిరుపతిలో కలుసుకున్న ఒక సభలో మార్పిడి అయినవాళ్ళకు కిడ్నీల్లో, మూత్రం నడిచే దారిలో వచ్చే క్యాన్సర్ గురించి, మూత్రకోశ వ్యాధుల సర్జన్ అయిన ఓ యూరాలజిస్ట్ మాట్లాడిన మాటలకు అక్షరరూపం. సభలోవారి మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మాస్కులు పెట్టుకున్నవాళ్ళు అలాగే ఉంచుకోండి. ఫొటో కోసం కూడా తీయొద్దు.

మొదట ఒక చిన్న లెక్క అడుగుతా. మార్పిడి అయినవాళ్ళే చెప్పండి. ఇప్పుడు మీ ఒంట్లో కిడ్నీలు ఎన్ని?

(సభలో: ‘ఒకటి!’ ‘రెండు సార్!’)

ఒకటి అంటున్నాడు ఆ అన్న. రెండు అని ఎవరో అన్నారు. ఆ మూల నుంచి ఒక అక్క మూడు వేళ్ళు చూపిస్తోంది. అక్క చెప్పిందే కరెక్టు. మీలో చాలామందికి మూడు కిడ్నీలు. రెండోసారి మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు నాలుగు కూడా ఉండొచ్చు. (నవ్వులు)

నవ్వులాటకు అడగలేదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మంది పాత కిడ్నీలను తీసేసి కొత్తది పెట్టారనే అనుకుంటారు. మోటారు కాలిపోతే దాన్ని ఊడదీసి అదే చోట కొత్తది బిగిస్తాం కదా, అలాగన్నమాట. ఇక్కడ అలా జరగదు. పాత కిడ్నీలు వెనక, పక్కటెముకల కింద, వెన్నుకు అటూ ఇటూ ఉంటాయి. వాటిని తీయడం అంటే అదొక పెద్ద ఆపరేషన్. మాటిమాటికీ చీము పడుతుంటేనో, నీటి బుడగలతో కడుపంతా నిండిపోతేనో, బీపీ ఎన్ని మందులకూ లొంగకపోతేనో తీస్తాం. లేకపోతే వాటిని కదిలించం. కొత్త కిడ్నీని ముందువైపు, పొత్తికడుపులో, ఎక్కువగా కుడి పక్కన పెట్టి, కాలికి పోయే రక్తనాళాలకు కలిపి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతాం. అందుకే అక్కడ చెయ్యి పెడితే గట్టిగా తగులుతుంది.

మన చిత్తూరు వాళ్ళకు ఈ ఆపరేషన్ కొత్త కాదు. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవల అన్నదమ్ముల మధ్య మొదటిసారి ఇది నిలబడింది. 1971లో మన పక్కనే, రాయవేలూరు సీఎంసీలో, మన దేశంలో మొదటిసారి విజయవంతంగా చేశారు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరికైనా పెద్ద జబ్బు అంటే ‘రాయవేలూరికి తీసుకపోండి’ అనేవాళ్ళు. తర్వాత తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చింది. ఇప్పుడు పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు మార్పిడిలో పెట్టిన ఒకే కిడ్నీతో తిరుగుతున్నవాళ్ళు నాకు తెలుసు. సంతోషమే. కానీ ఎక్కువ ఏళ్ళు బతుకుతున్నాం కాబట్టే ఈరోజు నేను చెప్పే జబ్బు కూడా ఎక్కువగా కనబడుతోంది. మూత్రం తయారయ్యే చోటా, మూత్రం నడిచే దారిలోనూ వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడదామని వచ్చాను.

భయపడొద్దు. ఇంకో మాట ముందే చెప్పేస్తా, ఇది ఎవరూ మర్చిపోకూడదు. ఇదంతా విని ఇంటికి పోయి మాత్రలు ఆపేశామని రేపు నాకు ఫోన్ చేయొద్దు. మాత్రలు ఆపితే వారాల్లో కిడ్నీ పోతుంది. క్యాన్సర్ అందరికీ రాదు. మందులు తగ్గించాలో, మార్చాలో మీ నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ మందుల డాక్టర్, లెక్క వేసి చెబుతారు. అది మీ లెక్క కాదు, నా లెక్క కూడా కాదు.

మరి మందులకూ క్యాన్సర్‌కూ ఏం సంబంధం? కొండ మీద దర్శనం క్యూలో టికెట్లు చూసేవాళ్ళు ఉంటారు చూడండి. మన ఒంట్లో అలాంటివాళ్ళు కోట్లమంది. ప్రతి కణాన్నీ ఆపి, నువ్వు మనవాడివేనా అని చూస్తారు. దారి తప్పిన కణం కనబడితే అక్కడే పక్కకు లాగేస్తారు. ఇప్పుడు మనం చేసిందేమిటి? అమ్మ ఇచ్చిన కిడ్నీయో, భార్య ఇచ్చిన కిడ్నీయో, చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే జీవన్‌దాన్‌లో వచ్చిన కిడ్నీయో, టికెట్ లేని ఒక మనిషిని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాం. గొడవ జరగకూడదని టికెట్లు చూసేవాళ్ళందరికీ కునుకు పట్టే మందు ఇచ్చాం. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్, ఇంతకుముందు అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ చేసే పని అదే. ఆ కునుకులో కొత్త కిడ్నీతోపాటు ఒక్కోసారి దొంగ కణం కూడా లోపలికి జారుకుంటుంది. మామూలు జనంతో పోలిస్తే మార్పిడి అయినవాళ్ళలో అన్ని క్యాన్సర్లూ కలిపి చూస్తే రెండు మూడు రెట్లు ఎక్కువ. కిడ్నీ క్యాన్సర్ అంతకంటే ఇంకా ఎక్కువ రెట్లు.

అది ఏ కిడ్నీలో వస్తుంది? మీరంతా కొత్తదాంట్లో అనుకుంటారు. అక్కడా రావచ్చు గానీ అరుదు. ఎక్కువగా వచ్చేది పాతవాటిలోనే. డయాలిసిస్ మీద ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ పాత కిడ్నీలు ముడుచుకుపోయి, వాటిలో చిన్న చిన్న నీటి బుడగలు తేలతాయి. ఆ బుడగల్లో కొన్ని గట్టిపడి గడ్డలవుతాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. స్కానింగ్‌లో తప్ప కనబడదు.

రెండో రకం మూత్రం నడిచే దారిలో వచ్చేది. కిడ్నీ లోపలి గిన్నె నుంచి, సన్నటి మూత్రనాళం మీదుగా, మూత్రాశయం దాకా లోపలి వైపు ఒకే రకం పొర ఉంటుంది. ఒకే సున్నం వేసిన ఇల్లు అనుకోండి. ఆ సున్నంలో తేడా ఉంటే ఈ గదిలో పెచ్చు ఊడినట్టే పక్క గదిలోనూ ఊడుతుంది. అందుకే ఈ క్యాన్సర్ ఒకచోట తీసేసినా ఇంకోచోట మొలిచే గుణం ఉన్నది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఇప్పుడు పనిచేసే చోట కాదు. మదనపల్లె వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. టమోటా మండీలో లెక్కలు రాసేవాడు. తల్లి కిడ్నీ ఇచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చక్కగా ఉంది. ఒకరోజు వచ్చి, ‘సార్, మొన్న రెండు రోజులు ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది, మళ్ళా తగ్గిపోయింది. వేడి చేసినట్టుంది, బార్లీ నీళ్ళు తాగినా’ అన్నాడు. నేను ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాశాను. కల్చర్‌లో క్రిమి ఏదీ పెరగలేదు. అయినా రాశాను. రెండు నెలలకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే చీటీ. స్కానింగ్ చేయించాను. ఏది చేయించాను? కొత్త కిడ్నీకి. అది అద్దంలా ఉంది. ఇద్దరం సంతోషపడ్డాం.

అయిదో నెలలో గడ్డలు గడ్డలుగా రక్తం పడింది. అప్పుడు కెమెరా గొట్టం వేసి మూత్రాశయంలోకి చూస్తే ఎడమ పక్క పాత మూత్రనాళం నోటి నుంచి రక్తం చుక్కలుగా కారుతోంది. ఎనిమిదేళ్ళుగా దాన్ని ఎవరం పట్టించుకోలేదు. ఆ నాళంలో క్యాన్సర్. పాత కిడ్నీ, నాళం రెండూ తీసేశాం గానీ అప్పటికే క్యాన్సర్ నాళం గోడ దాటేసింది. నాలుగేళ్ళు బతికాడు. ఇంకా బతకాల్సిన మనిషి. అప్పటి నుంచి మార్పిడి అయిన మనిషి నా ముందు కూర్చుని ‘ఎర్రగా’ అనే మాట అంటే నేను పెన్ను కింద పెట్టేస్తాను.

ఆ ‘వేడి చేసింది’ అనే మాట మీద నాకు కోపం లేదు. మే నెలలో మన రేణిగుంట రోడ్డు మీద అరగంట నిలబడితే ఎవరికైనా వేడి చేస్తుంది. వేడికి మూత్రం చిక్కబడుతుంది, పసుపు పచ్చగా మారుతుంది, మంట పుడుతుంది. ఎర్రబడదు. మంట ఉంటే కనీసం డాక్టర్ దగ్గరికి వస్తారు. నొప్పీ మంటా లేకుండా ఎర్రగా వచ్చి తనంతట తానే ఆగిపోయేదే నాకు ఎక్కువ టెన్షన్. గడ్డ ఒకరోజు కారుతుంది, నెల రోజులు ఊరుకుంటుంది. ఆ నెల రోజులూ బార్లీ నీళ్ళకు పేరొస్తుంది. బీట్‌రూట్ తిన్నా రంగు మారుతుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్‌కు నారింజ రంగు వస్తుంది, అవి వేరు. ఏది ఏదో మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు చూస్తే తేలిపోతుంది. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు నాటు మందుల సంగతి. ముందు వరసలో పెద్దాయన కుర్చీలో సర్దుకుంటున్నారు. (నవ్వులు) తిట్టను పెద్దాయనా, ఒక కథ చెబుతా.

బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ అనే ఊరు. 1990 తర్వాత అక్కడ సన్నబడడానికి ఒక క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. వేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళలో ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు పోవడం మొదలైంది. 1993లో డాక్టర్లు ఆరా తీస్తే తేలిందేమిటంటే, మాత్రల్లో ఉండాల్సిన మూలిక ఒకటి, పడింది ఇంకొకటి. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గర దగ్గర. పడిన మొక్క అరిస్టొలోకియా జాతిది. దాంట్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీని ఎండబెట్టేస్తుంది. డయాలిసిస్‌కు వెళ్ళినవాళ్ళు, మార్పిడి చేయించుకున్నవాళ్ళు చాలామంది. ఆ తర్వాత వాళ్ళలో కొందరికి పాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కనబడింది. దాంతో డాక్టర్లు, మిగతావాళ్ళకు ముందుజాగ్రత్తగా పాత కిడ్నీలూ నాళాలూ తీసేద్దాం అన్నారు. 39 మంది ఒప్పుకున్నారు. తీసి చూస్తే 18 మందిలో క్యాన్సర్ ఉంది. 2000 సంవత్సరంలో ఈ సంగతి అచ్చయ్యింది. 39లో 18! మార్పిడి అయినవాళ్ళ విషయంలో నేను చదివినవాటిలో ఇంతగా నిద్ర చెడగొట్టిన లెక్క ఇంకొకటి లేదు.

బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ నదిలో కలిసే ఏరుల పక్క పల్లెల్లో, ఒకే ఇంట్లో తల్లికీ కొడుక్కీ కోడలికీ కిడ్నీలు పోయేవి, నాళాల్లో క్యాన్సర్ వచ్చేది. శాపం అనుకున్నారు, నీళ్ళు అనుకున్నారు. చివరికి చూస్తే గోధుమ చేలో కలుపుగా పెరిగే అదే జాతి మొక్క. దాని గింజలు గోధుమల్లో కలిసి పిండిలోకి, రొట్టెలోకి వచ్చేవి. తైవాన్‌లో మూలికల వాడకం ఎక్కువ. అక్కడ కిడ్నీ మార్పిడి అయినవాళ్ళలో ముందు వరసలో ఉండేది ఈ మూత్రనాళాల, మూత్రాశయాల క్యాన్సరే. అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. 2003లో ఆ మొక్కల మందుల్ని అక్కడ నిషేధించారు.

అవన్నీ ఎక్కడో దేశాలు, మనకెందుకు అంటారా? మనకు ఈశ్వరి ఉంది. పాము కాటుకు వేరు అరగదీసి ఇస్తారు చూడండి, ఆ ఈశ్వరి తీగ అరిస్టొలోకియానే. గాడిదగడపాకు కూడా అదే జాతి. కడుపులో పురుగులకు పసరు తాగిస్తారు, పుండ్ల మీద రాస్తారు. సంస్కృతంలో దాన్ని కీటమారి అంటారు. పురుగును చంపేదాన్ని పిల్లాడి కడుపులోకి పోస్తున్నాం. మా అవ్వ కూడా మాకు పోసింది, ఆమెను తప్పు పట్టను, ఆమెకు తెలియదు. ఈశ్వరి తీగ ఆకులను సీతాకోకచిలుక పురుగులు తిని బతుకుతాయి. ఆ విషం ఒంట్లో ఉంటుంది కాబట్టే పక్షులు వాటి జోలికి రావు. సీతాకోకచిలుకలకు వదిలేయండి ఆ తీగను.

మన ప్రాంతంలో కిడ్నీ ఎందుకు పోయిందో కారణం తెలియని మనుషులు వస్తూనే ఉంటారు. షుగర్ ఉండదు, బీపీ తర్వాత వచ్చి ఉంటుంది. వాళ్ళందరికీ ఈ ఆకే కారణం అని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం అవుతుంది. కానీ ‘చిన్నప్పుడు ఏం మందులు వాడారు’ అని ప్రతి ఒక్కరినీ అడుగుతాను. అడిగితే సిగ్గుపడి చెప్పరు. చెప్పండి. మీరు ముప్పై ఏళ్ళ కిందట తాగిన పసరు కూడా నాకు పనికొస్తుంది, ఎందుకంటే ఆ విషం కణాల లోపలి రాతను, అంటే డీఎన్ఏను, పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటుంది.

ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు మీద నాకు తగాదా లేదు, అది పైన కట్టేది. నా గొడవంతా కడుపులోకి పోయేదానితోనే. ఇంకోటి, కరోనా తర్వాత ప్రతి కషాయం డబ్బా మీదా ‘ఇమ్యూనిటీ పెంచును’ అని రాస్తున్నారు. మనం నెలనెలా డబ్బులు పోసి తగ్గిస్తున్నదాన్ని వాళ్ళు పెంచుతామంటున్నారు! ఆ మాట రాసి ఉన్న డబ్బా మీ ఇంట్లో మీకు కాదు.

బీడీ, సిగరెట్ గురించి పెద్దగా చెప్పను, మీకు తెలుసు. ఒక్కటే: పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే మూత్రాశయానికి ఏంటి అంటారు. పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీ వడగట్టి, మూత్రంలో చేరి, గంటల తరబడి మూత్రాశయంలో నిలవుంటుంది. ఆ సంచి గోడ దాంట్లో నానుతుంది. అద్దకం రంగుల పనిలో ఉన్నవాళ్ళకూ ఇదే దారి. జర్మనీలో రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో దీన్ని 1895లోనే గమనించారు. నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళను రంగుల పని చేశారా అని కూడా అడుగుతుంటాను. లూపస్ అని, మన ఒంటి కాపలా మన ఒంటి మీదే తిరగబడే జబ్బుకు సైక్లోఫాస్ఫమైడ్ వాడినవాళ్ళు ఆ చీటీలు దాచుకోండి, అదీ మూత్రాశయాన్ని ఇబ్బంది పెట్టే మందే. బీకే అని ఒక వైరస్ ఉంది. 1971లో ఒక కిడ్నీ మార్పిడి పేషెంటు మూత్రంలోనే దాన్ని మొదట కనుక్కున్నారు. చాలామందిలో చిన్నప్పటి నుంచీ నిద్రపోతూ ఉంటుంది. మన మందులకు లేస్తుంది. అది కొత్త కిడ్నీని పాడుచేయగలదు, కొందరిలో ఈ క్యాన్సర్‌కు తోడవుతుందనే అనుమానమూ ఉంది. మీ డాక్టర్ బీకే పరీక్ష రాస్తే డబ్బులకని రాశారనుకోవద్దు.

మరి ఏం చేయాలి? చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ మూత్ర పరీక్షలో ఎర్ర కణాల లైను చూడమనండి. అల్ట్రాసౌండ్ ఎన్నాళ్ళకోసారి అంటే ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే గడువు లేదు. నా అలవాటు ఏడాదికి ఒకసారి. డయాలిసిస్ మీద ఎక్కువ ఏళ్ళు ఉన్నవాళ్ళకు, బీడీ తాగినవాళ్ళకు, మూలికలు వాడినవాళ్ళకు అది తప్పించను. స్కానింగ్ గదిలోకి పోయాక నోరు తెరిచి అడగండి, ‘అమ్మా, మూడు కిడ్నీలూ చూడండి, మూత్రాశయం కూడా’ అని. చీటీలో ‘ట్రాన్స్‌ప్లాంట్ కిడ్నీ’ అని మాత్రమే రాసి ఉంటే వాళ్ళు దాన్నే చూసి పంపిస్తారు. వాళ్ళ తప్పు కాదు, రాసింది మేము. ఎర్రగా వచ్చిందంటే మాత్రం అల్ట్రాసౌండ్‌తో ఆగకూడదు. మూత్రంలో కణాల పరీక్ష, కెమెరా గొట్టం, అవసరమైతే సీటీ. సీటీ ఇంజెక్షన్‌తో కొత్త కిడ్నీ దెబ్బతింటుందేమో అని భయపడతారు, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే క్రియాటినిన్ చూసి, జాగ్రత్తలతో చేస్తాం, కాదంటే ఎమ్మారై ఉంది.

దొరికితే వైద్యం ఉంది. పాత కిడ్నీలోనో నాళంలోనో ఉంటే రెండింటినీ, మూత్రాశయంలో నాళం తెరుచుకునే చోటుతో సహా తీసేస్తాం. చాలామందిలో పాత కిడ్నీ ఎప్పుడో పని మానేసింది కాబట్టి తీసినా క్రియాటినిన్‌కు పెద్ద తేడా రాదు. మూత్రాశయం పైపొరలో ఉంటే లోపల నుంచే గీకేస్తాం. మామూలు వాళ్ళకు ఆ తర్వాత బీసీజీ వేస్తారు. పిల్లలకు చేతికి వేసే టీకాయే, దాన్నే మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అది బతికున్న క్రిమి, మీ టికెట్ కలెక్టర్లు కునుకులో ఉన్నారు, కాబట్టి మీకు ఆచితూచి వేయాలి. ఇప్పుడు కొత్త ఇమ్యునోథెరపీ మందుల పేర్లు టీవీలో వింటున్నారు. అవి ఆ టికెట్ కలెక్టర్లను తట్టి లేపుతాయి. లేచినవాళ్ళు క్యాన్సర్‌నే పట్టుకుంటారా, కొత్త కిడ్నీ మీద పడతారా, ముందే చెప్పలేం. కొందరిలో మందులను సిరోలిమస్ వైపు మారుస్తారు. ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన మందు అది. రిజెక్షన్‌నూ, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీ మీద తిరగబడడాన్నీ, ఆపుతుంది, కణాల పెరుగుదలకూ కళ్ళెం వేస్తుంది. అందరికీ పడదు.

సరే, మీరు అడగండి.

(ఒక మహిళ: మా వాడికి నా కిడ్నీ ఇచ్చినాను సార్. నాకూ ఈ క్యాన్సర్ వస్తుందా?)

అమ్మా, మీరు ఇచ్చారు, మందులు వాడేది మీ అబ్బాయి. మీ టికెట్ కలెక్టర్లు పూర్తిగా మేలుకునే ఉన్నారు. ఇచ్చినందువల్ల మీకు ఈ ముప్పు పెరగదు. ఏడాదికోసారి బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోండి, అంతే. మీరు వాడి కోసం వచ్చి కూర్చున్నారు, మీ పరీక్షలు ఎప్పుడు చేయించుకున్నారు? (నవ్వులు) అదే, ఈ వారంలో రండి.

(ఒక యువకుడు: అలిపిరి మెట్లు ఎక్కినాక ఒకసారి ఎర్రగా వచ్చింది సార్. మరుసటి రోజుకి లేదు.)

మార్పిడి అయ్యాక మెట్లెక్కావా? మొక్కు తీర్చుకున్నావు, మంచిదే. బాగా శ్రమ పడినప్పుడు కొందరికి కొంచెం రక్తం పడడం ఉంది. కానీ అది మెట్ల వల్లే అని నేను ఇక్కడ నిలబడి చెప్పను. మదనపల్లె ఆయనకు అలా చెప్పే ఆయన్ని పోగొట్టుకున్నాను. పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదని తేలాక మెట్ల మీద తోద్దాం.

(మరో మహిళ: మా ఆయనకు నాలుగేళ్ళ కిందట మూత్రాశయంలో గడ్డ తీసినారు. ఇప్పుడు డయాలిసిస్. మార్పిడికి పనికొస్తాడా?)

అది గడ్డ ఎంత లోతుకు పోయిందన్న దాని మీద ఉంటుంది తల్లీ. పైపొరలో, నెమ్మది రకం అయితే ఎక్కువ ఆగక్కర్లేదు. కండరంలోకి దిగి ఉంటే కనీసం రెండేళ్ళు, ఒక్కోసారి అయిదేళ్ళు, మళ్ళీ రాలేదని చూసుకుని అప్పుడు ఆలోచిస్తారు. ఆ గడ్డ తీసినప్పటి బయాప్సీ కాగితం ఉందా? అది లేకుండా ఎవరూ చెప్పలేరు. బీరువాలో వెతకండి.

(ముందు వరసలోని పెద్దాయన లేచి: డాక్టర్ గారూ, ఇది పోయిన నెల స్కానింగ్ రిపోర్టు. అంతా నార్మల్ అన్నారు.)

ఇలా ఇవ్వండి పెద్దాయనా. కళ్ళద్దాలు... ఆ. కొత్త కిడ్నీ సైజు బాగుంది, రక్తప్రసారం బాగుంది. మూత్రాశయం, సగం నిండింది అని రాశారు. కుడి పాత కిడ్నీ, ముడుచుకుపోయింది, రెండు చిన్న నీటి బుడగలు. ఎడమ పాతది... దాని గురించి ఒక్క ముక్క కూడా లేదే. తీయించుకోలేదు కదా? లేదు. అయితే సోమవారం పొద్దున్నే రండి. టిఫిన్ తినకుండా, రెండు చెంబుల నీళ్ళు తాగి, ఒంటికి పోకుండా రండి. ఆ ఎడమదాన్ని నేనే చూస్తా.